బిగుసుకుపోయిన వెంట్ కేబుల్: స్ప్రే కొట్టాలా, వైరు బయటికి లాగాలా, కొత్తది వేయాలా?

పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. హీటర్ నాబ్ తిరగడం లేదు, వెంట్ లీవర్ కదలడం లేదు, స్ప్రే కొడితే సరిపోతుందా, కేబుల్ మార్చేయాలా? అందరికీ ఒకే జవాబు చెప్పలేను. ఒక్కొక్క కేబుల్ ఒక్కో స్థితిలో ఉంటుంది. అయితే ఎవరి కేబుల్ ఏ స్థితిలో ఉందో తేల్చే పరీక్ష మాత్రం ఒక్కటే. ఆ పరీక్ష చేయకముందే స్ప్రే డబ్బా చేతిలోకి తీసుకోవద్దు.

మొదట ఫ్లాప్ దగ్గర, అంటే గాలి దారిని తెరిచి మూసే రేకు దగ్గర, కేబుల్ విప్పండి. వైరును పట్టుకున్న చిన్న స్క్రూ వదులు చేసి, ఫ్లాప్‌ను వేలితో కదిపి చూడండి. చాలా కార్లలో బిగుసుకున్నది కేబుల్ కాదు, ఫ్లాపే. దాని అంచున అతికించిన ఫోమ్ ఏళ్లు గడిచేసరికి జిగురులా కరిగి, హీటర్ పెట్టెకు అతుక్కుపోతుంది. ఇరుసు దగ్గర తుప్పు పట్టడం కూడా మామూలే. ఎమ్‌జీబీ లాంటి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో వేడి నాబ్ కేబుల్ ఇంజన్ మీదున్న నీటి వాల్వు దాకా వెళ్తుంది. ఆ వాల్వు లోపల పాచి కట్టి పట్టేస్తే నాబ్ ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు. బలవంతంగా తిప్పితే వైరు వంగిపోతుంది, అప్పటిదాకా బాగున్న కేబుల్ కూడా పాడవుతుంది. ఫ్లాప్, వాల్వు రెండూ వేలితో సులువుగా కదిలి, నాబ్ ఒక్కటే బరువుగా ఉంటేనే కేబుల్‌ను అనుమానించాలి.

వెంట్ కేబుల్ లోపల ఉండేది సాధారణంగా ఒంటి తీగ, అంటే పేట్లు లేని గట్టి వైరు. బ్రేకు కేబుల్‌లా లాగడానికే కాదు, నెట్టడానికి కూడా అది పనికి రావాలి. కేబుల్ మెలికలు తిరిగే ప్రతిచోటా ఆ వైరు ఔటర్ గోడకు, అంటే దాని మీదున్న తొడుగు లోపలివైపుకు, ఒరుసుకుంటుంది. ఈ ఒరిపిడి మలుపు మలుపుకీ కలుస్తూ పోదు, గుణిస్తూ పోతుంది. నాబ్ నుంచి ఫ్లాప్ వరకు ఉన్న వంపులన్నీ కలిపితే 360 డిగ్రీలు అవుతాయనుకుందాం. ఫ్లాప్ దగ్గర ఒక కిలో బలం కావాలంటే, ఘర్షణ గుణకం (ఒరిపిడి ఎంతుందో చెప్పే అంకె) 0.1 ఉన్నప్పుడు నాబ్ దగ్గర 1.9 కిలోలు చాలు. అదే గుణకం 0.3కి చేరితే 6.6 కిలోలు కావాలి. గ్రీజు ఎండిపోయిన కేబుల్‌కూ, శుభ్రంగా జిడ్డు పట్టిన కేబుల్‌కూ చేతికి అంత తేడా తెలియడానికి కారణం ఇదే. ఇంకో సంగతి కూడా దీనిలోనే ఉంది. పొడిబారిన కేబుల్‌ను అలాగే ఉంచి, దారి మార్చి సగం వంపులు తగ్గించినా, ఆ 6.6 కిలోలు 2.6కి దిగుతాయి. డ్యాష్‌బోర్డు వెనక రేడియో పెట్టినప్పుడు ఎవరో కేబుల్‌ను పక్కకు తోసి మెలిక పెట్టి ఉంటే, ముందు దాన్ని సరిచేయండి. అందుకు ఏ నూనే అక్కర్లేదు.

ఇక మందుల సంగతి. చాలామంది మొదట చేసేది కేబుల్ చివర స్ప్రే కొట్టడం. డబ్ల్యూడీ-40 లాంటివి తుప్పును వదులు చేయడానికి, తేమ తరమడానికి బాగా పనిచేస్తాయి. 1953లో దాన్ని తయారుచేసింది కూడా నీటిని తరమడానికే. కొట్టిన రోజు నాబ్ హాయిగా తిరుగుతుంది. కానీ అందులో ఎక్కువ భాగం ఎగిరిపోయే ద్రావకమే. పాత గ్రీజును సగం కరిగించి, దుమ్ముతో కలిపి మలుపుల్లోకి నెట్టి, పలచని పొర వదిలి అది వెళ్లిపోతుంది. కొంతకాలానికి కేబుల్ మళ్లీ బిగుసుకుంటుంది. పైగా ఫ్లాప్ వైపు నుంచి కొడితే ఆ తుంపర హీటర్ పెట్టెలోకి పోయి, ఫ్యాన్ వేసినప్పుడు వాసన వస్తుంది, ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొర కూడా పేరుకుంటుంది. స్ప్రే పూర్తిగా వద్దని చెప్పను. పూర్తిగా పట్టేసిన వైరును కదిలించి బయటికి తీయడానికి అది కావాలి. అక్కడితో దాని పని అయిపోయిందనుకోవాలి.

సిలికోన్ స్ప్రే వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. త్వరలో కారుకు పెయింటు వేయించే ఆలోచన ఉంటే బాడీ దగ్గర దాన్ని కొట్టొద్దు. సిలికోన్ తగిలిన రేకు మీద పెయింటు సరిగ్గా పట్టదు, చిన్న చిన్న గుంటలు పడుతుంది. గ్రాఫైట్ పొడి తాళాలకు బాగుంటుంది గానీ పొడవాటి కేబుల్‌లో మలుపు దాటి లోపలికి పోదు. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

నేను ఇష్టపడేది రెండో పద్ధతి: వైరును పూర్తిగా బయటికి లాగి, శుభ్రం చేసి, మళ్లీ వేయడం. శ్రమ ఎక్కువ, డ్యాష్‌బోర్డు కింద తల దూర్చాలి. అయినా దీన్నే ముందు చెబుతాను, ఎందుకంటే వైరు చేతికి వచ్చాక నిర్ణయం దానంతట అదే తేలిపోతుంది. రెండు వేళ్ల మధ్య వైరును పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు జరపండి. నున్నగా జారితే, ఉన్నది మురికి మాత్రమే, ఆ కేబుల్ బతుకుతుంది. గరుకుగా తగిలితే తుప్పు గుంటలున్నట్టే. అలాంటి వైరుకు ఎంత గ్రీజు పూసినా అది ఔటర్‌ను లోపల గీరుతూనే ఉంటుంది. ఎక్కడైనా చిన్న వంపు వేలికి తగిలితే ఆ వైరు కూడా పనికిరాదు. గట్టి తీగ ఒకసారి మడత పడితే ఎంత సరిచేసినా అక్కడ తట్టుతుంది, నెట్టినప్పుడు మళ్లీ అక్కడే వంగుతుంది. కేబుల్ కారులో ఉండగా ఇవేవీ కనిపించవు. స్ప్రే కొట్టేవాళ్లు ఊహతో వైద్యం చేస్తున్నట్టే.

చాలా కేబుళ్లకు ఒక చివర వైరును గుండ్రంగా చుట్టి కన్ను చేసి ఉంటారు, రెండో చివర తిన్నగా ఉంటుంది. కన్ను ఉన్న వైపు నుంచే లాగాలి. క్లిప్పు కింద ఔటర్ ఎంత మేర బయటికి వచ్చిందో విప్పేముందే టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. ఔటర్‌ను నిలువుగా వేలాడదీసి, పైనుంచి ద్రావకం కొద్దికొద్దిగా పోస్తూ, కింద నల్లటి మురికి పోయి తేటగా కారేదాకా ఆగండి. తర్వాత గాలి కొట్టి బాగా ఆరబెట్టాలి. వైరు చివర గరుకుగా ఉంటే ఆకురాయితో నున్నగా రుద్దండి, లేకపోతే లోపలికి పోయేటప్పుడే ఔటర్‌ను గీరుతుంది.

ఏం పూయాలి అనేదానికి ఔటర్ లోపల చూడాలి. ప్లాస్టిక్ గొట్టం ఉంటే సిలికోన్ గ్రీజు గానీ, ఆరిపోయే పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) గానీ మంచిది. అవి ప్లాస్టిక్‌కు పడతాయి, దుమ్మును పెద్దగా పట్టవు. ప్లాస్టిక్ లేకుండా నేరుగా ఉక్కు చుట్టే ఉంటే సిలికోన్ వద్దు. ఉక్కు మీద ఉక్కు జారేచోట దాని పనితనం అంతంత మాత్రమే. అక్కడ పలచగా లిథియం గ్రీజు పూయండి. ఎక్కువ పూస్తే చలిలో గట్టిపడి మళ్లీ నాబ్ బరువెక్కుతుంది. డ్యాష్‌బోర్డుకూ ఇంజన్‌కూ మధ్య ఉన్న గోడ దాటి వెళ్లే కేబుల్ అయితే వేడికి కారిపోని గ్రీజు చూసుకోండి.

వైరు గరుకుగా ఉండి ఔటర్ బాగుంటే వైరు ఒక్కటే మార్చవచ్చు. పియానో తీగ సరిపోతుంది, కానీ లావు పాతదానితో మైక్రోమీటర్‌లో సరిపోల్చాలి. అది చాలా గట్టిది, మామూలు ప్లయర్‌తో కోస్తే ప్లయర్ అంచే దెబ్బతింటుంది. కన్ను మరీ బిగుతుగా చుట్టబోతే తీగ విరుగుతుంది. సైకిల్ బ్రేకు వైరు సులువుగా దొరుకుతుందని దాన్ని వేయకండి. పేట్ల తీగ లాగుతుంది గానీ నెట్టదు. వెనక్కి లాగే స్ప్రింగు లేని ఫ్లాప్‌ను అది తెరుస్తుందే తప్ప మూయలేదు.

ఔటర్ నలిగిపోయినా, లోపల తుప్పుతో చుట్లు విడిపోయినా కొత్త కేబులే వేయాలి. ఎక్కువగా అమ్ముడైన మోడళ్లకు కొత్తవి సులువుగా దొరుకుతాయి. వాటిలో కొన్నింటికి లోపల ప్లాస్టిక్ గొట్టం కూడా ఉంటుంది, అలాంటివి పాత ఒరిజినల్ కన్నా తేలిగ్గా నడుస్తాయి. అయితే పొడవు ఎప్పుడూ అచ్చు ఒకేలా ఉండదు. అందుకే పాతదాన్ని పక్కన పెట్టి కొలిచాకే బిగించండి. అరుదైన కారు అయితే పాతది పారేయొద్దు, కేబుల్ తయారుచేసేవాళ్లకు అదే నమూనా. మోటారు పెట్టి ఎలక్ట్రిక్‌గా మార్చుకునేవాళ్లూ ఉన్నారు. పాత కారును పాత కారులా ఉంచాలనుకునేవాళ్లకు ఆ దారి అక్కర్లేదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా బిగింపు దగ్గర ఓపిక కావాలి. ఔటర్‌ను పట్టుకునే క్లిప్పు దాన్ని కదలనివ్వకూడదు, అలాగని నలపకూడదు. వదులుగా ఉంటే వైరుకు బదులు ఔటర్ జరుగుతుంది, నాబ్ తిరిగినా ఫ్లాప్ కదలదు. మరీ బిగిస్తే లోపలి వైరు అక్కడే పట్టేస్తుంది. ఫ్లాప్‌ను పూర్తిగా మూసి, నాబ్‌ను చివరి వరకు కాకుండా కొద్దిగా ఇవతల ఆపి, అప్పుడు వైరు స్క్రూ బిగించండి. నాబ్ చివరికి వచ్చేసరికి ఫ్లాప్ అంచు గట్టిగా ఒత్తుకుంటుంది, చలిగాలి లోపలికి రాదు.