పేస్, ఎత్తు లెక్కలకు ఏది మేలు: ఫోనా, వాచీయా, స్టేడియం ట్రాకా?

నేనూ మా బామ్మర్దీ పొద్దున్నే హనుమకొండ చౌరస్తా దగ్గర పరుగు మొదలుపెట్టి, భద్రకాళి చెరువు కట్ట మీద అటూ ఇటూ తిరిగి ఆగాం. సరిగ్గా అరగంట. అతని ఫోన్‌లో 5.4 కిలోమీటర్లు, నా వాచీలో 5.1. అంటే అతని పేస్ (ఒక కిలోమీటరుకు పట్టే టైమ్) 5:33 నిమిషాలు, నాది 5:53. పరిగెత్తిందేమో పక్కపక్కనే! ఎత్తు సంగతి ఇంకా ఘోరం. కట్ట చదునుగా ఉంటుంది, ఫోన్‌లో మాత్రం 96 మీటర్లు ఎక్కినట్టు పడింది. "బావా, మనం ఏ గుట్ట ఎక్కినం?" అని అడిగాడు.

ముందు పేస్ సంగతి. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ జీపీఎస్ మనల్ని దాదాపు 5 మీటర్ల తేడాలో పట్టుకుంటుంది. కట్ట మీద అది చాలు. చౌరస్తాలో బిల్డింగుల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొస్తుంది, మ్యాప్‌లో మన దారి గీత వంకరటింకరగా పడి దూరం పెరుగుతుంది. అదే ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే యాప్ మధ్యలో నిద్రపోతుంది. లేచాక నిద్రకు ముందు, తర్వాత మనం ఉన్న రెండు చుక్కలను సూటిగా కలిపేస్తుంది, మనం తిరిగిన మలుపులు పోయి దూరం తగ్గుతుంది. తప్పు ఒక్కోసారి ఒక్కో వైపు పోతుంది కాబట్టి "ఇంత శాతం తీసేస్తే సరి" అనే చిట్కా పని చేయదు.

వాచీలో ఉండేదీ జీపీఎస్సే. చేతికి ఉంటుంది కాబట్టి జేబులోని ఫోన్ కంటే ఆకాశం బాగా చూస్తుంది, అంతే. ఉపగ్రహాలు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీల సిగ్నళ్లూ పట్టేదైతే బిల్డింగుల మధ్య మెరుగే, కానీ ఆ సౌకర్యం ఇప్పుడు కొన్ని ఫోన్లలోనూ ఉంది. కేవలం పేస్ కోసం వాచీ కొనడం దండగని నా అభిప్రాయం. ఏది వాడినా, పరిగెత్తుతూ ఆ క్షణపు పేస్ చూసి టెన్షన్ పడొద్దు. మనం సెకనుకు 3 మీటర్లు కదులుతుంటే చుక్క 2 మీటర్లు జరిగినా అంకె తారుమారవుతుంది. కిలోమీటరు సగటే చూడాలి.

నిక్కచ్చిగా కావాలంటే హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియమే. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన ట్రాక్ అది. మొదటి లేన్‌లో ఒక చుట్టు 400 మీటర్లు. చుట్టుకు 2 నిమిషాల 20 సెకన్లు పడితే పేస్ 5:50, ఇందులో వాదన లేదు. లేన్ మారితే మాత్రం లెక్క మారుతుంది, బయటికి జరిగిన ఒక్కో లేన్‌కు చుట్టుకు 7 మీటర్లకు పైనే అదనం.

ఎత్తు దగ్గరికొస్తే బారోమీటర్ ఉన్న వాచీదే పైచేయి. ఉపగ్రహాలన్నీ మన నెత్తి మీదే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు. అందుకే జీపీఎస్‌కు నేల మీద మన చోటు చూపడంలో కంటే ఎత్తు చూపడంలో తప్పు ఎక్కువ. చదునైన కట్ట మీద ఆ చిన్న చిన్న ఊగిసలాటలన్నీ కూడుకునే 96 మీటర్లు అయింది. బారోమీటర్ గాలి ఒత్తిడిని చూస్తుంది. దాదాపు 8 మీటర్లు ఎక్కితే ఒక మిల్లీబార్ తగ్గుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో మెట్టును టేపుతో కొలిచాను: 15 సెంటీమీటర్లు, అంతస్తుకు 20 మెట్లు. నాలుగు అంతస్తులు ఐదు సార్లు ఎక్కితే 60 మీటర్లు. వాచీ 57 చూపించింది. అయితే వాన ముసురుకొచ్చే రోజున ఒత్తిడి దానంతటదే పడిపోతుంది, మనం నిలబడే ఉన్నా వాచీ ఎక్కినట్టు రాసుకుంటుంది. చెమటతో దాని రంధ్రం మూసుకుపోయినా లెక్క తప్పుతుంది.

కొన్ని యాప్‌లు మ్యాప్ నుంచి ఎత్తును సరిచేస్తాయి. మామూలు రోడ్డుకు పనికొస్తుంది. ఆ మ్యాపులు నేలను గడులుగా కోసి ఒక్కో గడికి ఒకే ఎత్తు రాసుకుంటాయి, చాలావాటికి ఒక్కో గడి 30 మీటర్లో అంతకంటే ఎక్కువో ఉంటుంది. పద్మాక్షి గుట్ట లాంటి నిటారు రాయి దగ్గర కొండా దాని కింది నేలా ఒకే గడిలో కలిసిపోతాయి. గుట్టలెక్కేవాళ్లు యాప్‌లో ఈ మ్యాప్ సవరణను ఆఫ్ చేసి బారోమీటర్‌నే నమ్మాలి.

బామ్మర్దికి వాచీ వద్దనే చెప్పాను. అతనికి కావాల్సింది 5 కిలోమీటర్ల టైమ్. ఆదివారం స్టేడియంలో మొదటి లేన్‌లో పన్నెండున్నర చుట్లు కొట్టించి స్టాప్‌వాచ్ నేను పట్టుకున్నాను: 29 నిమిషాల 10 సెకన్లు. అతని ఫోన్ మలుపులను కోసేసి అదే పరుగును 4.8 కిలోమీటర్లుగా రాసుకుంది.