మెయిల్‌రూమా, డిస్పాచా, టపాలా: ఏది మేలు?

మా అక్క కూతురు భువనేశ్వర్‌లో ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ ఫోన్ చేసింది. "మావయ్యా, మెయిల్‌రూమ్ అసిస్టెంట్ అంటే ఈమెయిళ్లు చూసే పనా?"

"కాదమ్మా, టపాలు చూసే పని" అన్నాను.

"టపాలంటే?"

పర్లాకిమిడిలో ఇన్నేళ్లు గుమాస్తాగా చేసినవాణ్ణి, దీనికి జవాబు దొరక్క ఆగిపోయాను. టపా అంటే ఆ పిల్లకి బ్లాగులో రాసేదని తెలుసు, అంతే.

ముందు ఆ గదిలో జరిగే పని చూద్దాం. బయటినుంచి వచ్చిన ఉత్తరాలు, కొరియర్ కవర్లు, పార్సిళ్లు అక్కడ దిగుతాయి. విప్పి, తేదీ ముద్ర కొట్టి, నంబరు వేసి, ఎవరి సీటుకి వెళ్లాలో వాళ్లకి పంపి సంతకం తీసుకుంటారు. బయటికి వెళ్లేవాటిని తూచి, స్టాంపులు అంటించి, రిజిస్టర్‌లో ఎక్కించి పంపుతారు. అంటే రాకా పోకా రెండూ అక్కడే. ఇది పోస్టాఫీసు కాదు, ఆఫీసు లోపలి గది. అందుకే 'తపాలా కార్యాలయం' అని తెలుగు చేస్తే తప్పు. జనం కవర్లు కొనుక్కోవడానికి వచ్చేస్తారు.

మెయిల్‌రూమ్ అమెరికా వాళ్ల మాట, సాధారణంగా కలిపే రాస్తారు. బ్రిటన్‌లో దాన్నే పోస్ట్ రూమ్ అంటారు. తమాషా ఏమిటంటే, బ్రిటన్‌లో 'రాయల్ మెయిల్' సంస్థ బట్వాడా చేసేదాన్ని జనం పోస్ట్ అంటారు, అమెరికాలో 'పోస్టల్ సర్వీస్' బట్వాడా చేసేదాన్ని మెయిల్ అంటారు. మెయిల్ అంటే మొదట్లో సంచి. ఉత్తరాల సంచిని అలా అనగా అనగా ఆ పేరు ఉత్తరాలకే వచ్చింది. 'మెయిల్‌రూమ్ నుంచి పైకొచ్చాడు' అంటే అట్టడుగు నుంచి ఎదిగాడని అర్థం. ఊరికే పుట్టిన మాట కాదది. హాలీవుడ్‌లో పెద్ద వ్యాపారి అయిన డేవిడ్ గెఫెన్ నిజంగానే విలియం మోరిస్ ఏజెన్సీ మెయిల్‌రూమ్‌లో పని మొదలుపెట్టాడు.

మన చెవికి మాత్రం ఈ మాటతో చిక్కుంది. కుర్రాళ్లకి మెయిల్ అంటే ఫోన్‌లో వచ్చేది. పలాస వైపు పెద్దవాళ్లకి రైలు, హౌరా మెయిలు. ఆ తలుపు మీద ఒట్టి మెయిల్‌రూమ్ అని రాస్తే కాగితం పట్టుకొచ్చిన రైతు అక్కడ ఆగుతాడా? నాకు నమ్మకం లేదు.

ఆఫీసుల్లో ఎక్కువగా వినిపించేది డిస్పాచ్. అందరికీ తెలిసిన మాటే, కానీ అర్థం సగమే. డిస్పాచ్ అంటే పంపడం. పాతపట్నం వైపునుంచి అర్జీ తెచ్చిన ఒక ముసలాయన్ని ఒక ఆఫీసులో "ఇది డిస్పాచ్, ఇక్కడ తీసుకోం, ఇన్‌వర్డ్‌లో ఇవ్వండి" అని తిప్పి పంపడం నేను చూశాను. ఇన్‌వర్డ్ కుర్చీ అదే గదిలో, బీరువాకి అవతల ఉంది! ఇన్‌వర్డ్, అవుట్‌వర్డ్ అని రెండూ రాస్తే అర్థం నిండుతుంది గానీ నోటికి బరువు. రిజిస్టర్ల అట్టల మీదకి బాగుంటాయి, గది పేరుకి కాదు.

ఇక టపాలు. బ్రిటిష్ కాలపు మద్రాసు ప్రెసిడెన్సీ ఆఫీసుల మాట ఇది. 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువులో, ఉత్తరాదిన డాక్ అనేదాన్ని దక్షిణాదిన టపాల్ అంటారని ఉంది. ఆ రెండు మాటల సరిహద్దు మా ఊరి మీదుగానే పోతుంది. 1936 ఏప్రిల్ 1 దాకా పర్లాకిమిడి మద్రాసులో ఉండేది, ఆ రోజునుంచి ఒడిశాలోకి వెళ్లింది. అటు శ్రీకాకుళం జిల్లా ఆఫీసుల్లో ఆఫీసు కాగితాలు నడిపే పాత మద్రాసు పద్ధతి, అంటే టాటెన్‌హామ్ పద్ధతి ప్రకారం టపా వస్తే దానికి కరెంటు నంబరు పడేది (ఈ కరెంటుతో బల్బు వెలగదు). ఇటు మా వైపు అదే కాగితానికి డైరీ నంబరు, దాని పేరు డాకొ. ఒడియాలో డాకొ అంటే పిలుపు కూడా. కొత్తలో "డాకొ ఒచ్చింది" అంటే, నన్నెవరో పిలుస్తున్నారనుకుని లేచి వెళ్లాను.

నన్నడిగితే తెలుగులో టపాల సెక్షనే మేలు. వచ్చేవీ పోయేవీ రెండూ అందులో ఇమిడిపోతాయి, నోటికీ తేలిక. పాతబడిందంటారు, నిజమే. కానీ గిడుగు రామమూర్తి పంతులు బడిపంతులుగా పనిచేసిన మా ఊళ్లో ఒకప్పుడు వాడుకలో ఉన్న మాటని వదులుకోవడానికి నాకు మనసొప్పదు. 'ఉత్తర స్వీకరణ ప్రేషణ విభాగం' లాంటివి బోర్డు కోసం పుడతాయి, నోట్లోకి రావు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం కంపెనీ ఏ మాట వాడితే అదే వాడాలి. దరఖాస్తులో మెయిల్‌రూమ్‌ని డిస్పాచ్‌గా మారిస్తే సగం పనే వచ్చనుకుంటారు.

మా మేనకోడలికి అదే చెప్పాను: "మెయిల్‌రూమ్ అనే ఉంచు. కింద రాకపోకల రిజిస్టర్లు, పార్సిళ్లు, కొరియర్ అని విడివిడిగా రాయి."

ఇంటర్వ్యూ అయ్యాక మళ్లీ ఫోన్ చేసింది. "మావయ్యా, మెయిల్‌రూమ్ అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. డాకొ రిజిస్టర్ రాయడం వచ్చా అని అడిగారు."