"21 రోజుల్లో మజిల్ మెమరీ గ్యారంటీ" ప్యాకేజీ కట్టే ముందు జర ఆగండి

గోల్ఫ్ కొత్తగా మొదలుపెట్టేటోళ్ల కోసం రాస్తున్న. గోల్కొండ నయాఖిలాలో హత్తియాన్ చెట్టు (పెద్ద పాత బావోబాబ్ చెట్టు) చూద్దామని పోయి, పక్కన గోల్ఫ్ కోర్స్ చూసి నాకు ఈ పిచ్చి పట్టింది. అప్పుడే ఐటీ కారిడార్ సైడ్ ఒక ఇండోర్ సిమ్యులేటర్ సెంటర్ (లోపలనే స్క్రీన్ ముందల ఆడేది; పేరు రాయను, లొల్లి వద్దు) యాడ్ కనబడింది, 21 రోజుల్లో మజిల్ మెమరీ (ఆలోచించకుండనే ఒళ్లు చేసే అలవాటు) గ్యారంటీ, 12 సెషన్లు, పైనుంచి బరువు పెట్టిన ఒక ట్రైనింగ్ క్లబ్ (గోల్ఫ్ కర్ర), మొత్తం 24,000. ఒకేసారి కట్టేసిన.

మొదటి రోజు కోచ్ ఐదు నిమిషాలు గ్రిప్ చూపించిండు, బకెట్ బాల్స్ ముందల పెట్టి "కొడుతనే ఉండండి సార్, బాడీకి అదే గుర్తుంటది" అని ఫోన్ పట్టుకొని కూసున్నడు. సెషన్‌కు 150 బాల్స్, అన్నీ 7 ఐరన్ అనే ఒక్క క్లబ్‌తోనే. నేనేమో చిన్నప్పటి నుంచి బోడుప్పల్ గల్లీల్లో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడినోణ్ణి, చేతులు వాటంతట అవే లెగ్ సైడ్‌కు లాగుతయి, దాంతో క్లబ్ బయట నుంచి లోపలికి అడ్డంగ వస్తది, ఫేస్ (బాల్‌కు తగిలే వైపు) కుడికి తెరుచుకొని ఉంటది, బాల్ వంకర తిరిగి కుడికి పోతది, స్లైస్ అంటరు కదా అదే. ఒక్క వీడియో తీసి చూపిస్తే మొదటి రోజే తెలిసేది. తియ్యలే. 1,800 బాల్స్ అట్లనే కొట్టిన. గ్యారంటీ అబద్ధం కాదు, మజిల్ మెమరీ వచ్చింది, కాకపోతే స్లైస్‌కు వచ్చింది.

అక్కడ గడ్డికి బదులు పరిచిన మ్యాట్ ఇంకో మోసం. బాల్‌కు రెండు ఇంచులు ఎనక నేలకు తగిలినా క్లబ్ మ్యాట్ మీద జారి బాల్‌ను కొడతది, స్క్రీన్ మీద షాట్ మస్తు కనిపిస్తది. తర్వాత నిజం గడ్డి మీద ఆడితే మట్టిపెళ్ల లేస్తది, బాల్ మాత్రం అక్కడక్కడనే దొర్లుతది. ఆ బరువు క్లబ్ రోజూ 100 సార్లు ఊపమన్నరు, ఊపిన, కుడి మోచేయి లోపలి వైపు నొప్పి మొదలైంది, ఫిజియో దగ్గరికి పోతే గోల్ఫర్స్ ఎల్బో అన్నడు. (ఆ క్లబ్‌తో ఇప్పుడు మా అమ్మ అటక మీది సామాను దించుతున్నది.)

రీఫండ్ అడిగితే "సెషన్లన్నీ వాడుకున్నరు కదా సార్" అన్నరు. రసీదు ఎనక నాన్ రిఫండబుల్ అని సన్న అక్షరాల్లో ఉంది, నేనే చూసుకోలే.

అసలు కండకు జ్ఞాపకం ఏం ఉండదు, నేర్చుకునేది మెదడు, ఏది మళ్లీ మళ్లీ చేస్తే దాన్నే పక్కా చేస్తది, మంచిదా చెడ్డదా దానికి పట్టదు. క్లబ్ బాల్‌కు తగిలి ఉండేది సెకండ్‌లో రెండు వేలవ వంతు, కిందికి వచ్చే స్వింగే పావు సెకండ్ చిల్లర, మధ్యల సరిదిద్దుకునే టైమ్ యాడిది? అందుకే ముందు సగం స్పీడ్‌లో సరిగ్గ చెయ్యాలె. ఇప్పుడు వేరే ఆయన దగ్గర 40 బాల్సే కొడుతున్న, ప్రతి షాట్‌కు క్లబ్ మారుస్తడు, పది బాల్స్‌కొకసారి వీడియో చూపిస్తడు. ఇట్ల చేస్తే ఆ రోజు ఆట చెండాలంగ అనిపిస్తది గాని, వారం తర్వాత కూడా చేతిలో నిలుస్తున్నది.

మీరు పోయేదుంటే ముందు ఒక్క సెషన్‌కే కట్టండి, వీడియో తీస్తరా అని అడగండి, నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉందా అడగండి, ఉంటే చూపించడానికి ఎవరూ మొహమాటపడరు. నేను 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు కంప్లెయింట్ పెట్టిన, ఇంకా ఏం తేలలే. ఇదే 21 రోజుల ప్యాకేజీ కట్టినోళ్లు ఇంకెవరన్న ఉంటే మెసేజ్ చెయ్యండి, రసీదులు కలిపి పెడదాం.