పర్లాకిమిడి నుంచి గుప్తేశ్వర్ దాకా: మూడు టార్చిలు, నాలుగు రాత్రులు

మా మేనమామకు డెబ్బయ్యొకటో ఏడు నడుస్తోంది. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో గుహలో వెలసిన శివక్షేత్రం గుప్తేశ్వర్ చూడాలని పదేళ్లుగా ఆయన అంటున్నారు, "వచ్చే శీతాకాలం వెళదాం మామయ్యా" అని పదేళ్లుగా నేను అంటున్నాను. చివరికి మొన్న పుష్యమాసంలో బయలుదేరాం. సామాను సర్దుతున్నప్పుడు వచ్చిన తగువు టార్చి గురించే.

నేను 650 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో తెప్పించిన నల్లటి జూమ్ టార్చి ఒకటి ఉంది. దాని పెట్టె మీద 90,000 ల్యూమెన్లు అని అచ్చు వేశారు. ల్యూమెన్ అంటే దీపం ఇచ్చే వెలుగుకు కొలత. కారు హెడ్‌లైటులో ఉండే మామూలు హెచ్4 హాలోజన్ బల్బు ఇచ్చేదే 1,000 నుంచి 1,650 ల్యూమెన్లని అప్పటికే నాకు తెలుసు. అయినా కొన్నాను, ఎందుకని అడగకండి. మామయ్యది ముప్పై ఏళ్ల నాటి ఇత్తడి టార్చి. లావు సెల్లు మూడు పడతాయి. పాత బల్బు తీసేసి అదే గుంటలో ఎల్ఈడీ బల్బు బిగించుకున్నారు. మూడోది హైదరాబాదు నుంచి మా మేనకోడలు పంపిన వేలెడంత టార్చి. గోడ గడియారంలో వేసే సెల్లు ఒక్కటే దానికి చాలు. "ఇది ఆడుకునే వస్తువు, ఇంట్లో పెట్టు" అన్నారు మామయ్య. తాళంచెవుల గుత్తికి ఉన్నది ఉన్నట్టే తెచ్చేశాను.

మా ఊరు పర్లాకిమిడి గురించి ఒక్క మాట. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్చుకున్న ఊరు మాది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మేము అటు పడ్డాం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బేరాల్లో రెండూ. ఈ దారంతా అలాగే ఉంటుంది కనుక భాష కోసం ఎవరూ భయపడనక్కర్లేదు. రాయగడలో లాడ్జి కుర్రాడు, కొరాపుట్‌లో టీ కొట్టాయన, జయపురంలో జీపు డ్రైవరు, ముగ్గురూ మాతో తెలుగే మాట్లాడారు.

రైల్లో గుణుపురం, అక్కడ నుంచి బస్సులో రాయగడ. బస్సు గురించి చెప్పడానికి ఏమీ లేదు, నడుం మాత్రం చెప్పుకుంటుంది. సాయంత్రం మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకున్నాం. గుడి దగ్గర విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఎంత మంది ఉన్నారంటే కొబ్బరికాయల బేరమంతా తెలుగులోనే వినపడింది. స్టేషన్ దగ్గర లాడ్జిలో ఇద్దరికి 800 తీసుకున్నారు. దుప్పట్లు ఉతికినవి. వేడినీళ్లు బకెట్టుతో పైకి తెచ్చి ఇచ్చారు. ఇన్వర్టరు మాత్రం లేదు.

రాత్రి ఒంటిగంటకు కరెంటు పోయింది. మామయ్య బాత్రూముకు లేచి నా నల్ల టార్చి నొక్కారు. గదంతా పెళ్లి పందిరిలా వెలిగిపోయి, నేను లేచి కూర్చున్నాను. ఆయన కళ్లు మూసుకుని గోడకు ఆనుకుపోయారు. ఆ టార్చిలో ఉన్నవి మూడే: గుడ్డివాణ్ణి చేసే వెలుగు, అందులో సగం, ఆగి ఆగి కొట్టే మెరుపు. ఆర్పాలంటే ఆ మెరుపు దాటే ఆర్పాలి. చీకటికి అలవాటు పడ్డ కంటికి గదిలో నడవడానికి 2, 3 ల్యూమెన్లు చాలు. వీధిలో నడకకు 20, 30 ఉంటే పుష్కలం. వెలుగు రెట్టింపు అయినట్టు కంటికి తోచాలంటే ల్యూమెన్లు దాదాపు నాలుగింతలు కావాలి. 400కూ 500కూ తేడా కంటికి పట్టకపోవడం అందుకే. కనుక టార్చి కొనేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఎంత వెలిగిస్తుందని కాదు, అన్నిటికంటే తక్కువ ఎంతకు దిగుతుందని ముందు అడగాలి. మేనకోడలి టార్చి మొదటి నొక్కుకు మిణుగురులా వెలుగుతుంది. ఆ రాత్రి మామయ్య రెండోసారి లేచినప్పుడు నన్ను అడగకుండానే గుత్తి తీసుకెళ్లారు. పొద్దున నేను ఆ ప్రస్తావన తేలేదు, ఆయనా తేలేదు.

రాయగడ నుంచి కొరాపుట్‌కు రైలు ప్రయాణం ఈ యాత్రకే అందం. తూర్పు కనుమల్లోకి ఎక్కుతూ సొరంగం వెనుక సొరంగం వస్తుంటే మామయ్య కిటికీ వదల్లేదు. పగటి రైలే ఎక్కండి, రాత్రి ఎక్కితే సగం యాత్ర పోయినట్టే.

కొరాపుట్‌లో గుట్ట మీద జగన్నాథుడి గుడిని శబర శ్రీక్షేత్రం అంటారు. పూరీలో లాగా తోపులాట లేదు, కాళ్లు నొప్పి పుట్టకుండా దర్శనం అయింది. బస 1,100కు దొరికింది. గది పెద్దదే, వేడినీళ్ల గీజరూ ఉంది, కానీ గది మొత్తానికి ప్లగ్గు ఒక్కటే. అక్కడే నా నల్ల టార్చి రెండో గుణం బయటపడింది. దానికి టైప్-సి రంధ్రం ఉంది కదా అని నా ఫోను ఛార్జరు, రెండు వైపులా టైప్-సి ఉన్న తీగ పెట్టాను. ఛార్జి ఎక్కుతోందని చూపే చిన్న దీపం వెలగలేదు. చవక టార్చిల్లో టైప్-సి రంధ్రం వెనుక ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు పెట్టరు. అవి లేకపోతే కొత్త రకం ఛార్జరు తన కొసకు ఏదో తగిలిందని గుర్తించదు, కరెంటు ఇవ్వదు. ఒక వైపు పాత వెడల్పు పిన్ను ఉన్న తీగతో పెడితే మాత్రం ఎక్కుతుంది. ఆ తీగ మర్నాడు జయపురంలో కొనే దాకా ఉన్న ఛార్జింగుతోనే సరిపెట్టాను.

తెల్లవారుజామున దేవమాలి వెళ్లాం. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ. శిఖరం దగ్గరి దాకా జీపు వెళుతుంది కనుక పెద్దవాళ్లకూ ఇబ్బంది లేదు. కానీ చలికి స్వెట్టరు ఒక్కటీ సరిపోదు, చెవులకు మఫ్లరు ఉండాలి. జీపుకు ఇచ్చింది వృథా కాలేదు. అక్కడ మంచు ఎంత కమ్మిందంటే నల్ల టార్చి తిప్పిన ప్రతి వైపూ తెల్లటి గోడ లేచింది. మంచు బిందువుల మీద పడ్డ కాంతి వెనక్కి తిరిగి మన కళ్లలోకే వస్తుంది. ఎంత పెంచితే గోడ అంత చిక్కబడుతుంది. మామయ్య ఇత్తడి టార్చిని మోకాలి ఎత్తుకు దించి, నేల మీదికి వంచి నడిచారు. "దీపం దారికి చూపించాలి గాని మబ్బుకు చూపిస్తే ఏమొస్తుంది, నాయనా?" అన్నారు. ఆయన వెనకే నడిచాను.

తిరిగి వచ్చి కాఫీ తాగాం. కొరాపుట్ కొండల్లో పండిన కాఫీ కొనుక్కోవలసిందే, నేను పావు కిలో తెచ్చుకుని ఇప్పుడు కిలో తేనందుకు బాధపడుతున్నాను.

జయపురంలో రెండు రాత్రులు ఉన్నాం. బసల్లో అదే మెరుగు: 1,300 అద్దె, ఇన్వర్టరు, మంచం పక్కనే ప్లగ్గు, కింద భోజనశాలలో పప్పు పలుచన అయినా అన్నం వేడివేడిగా. బజారు అక్కడే. తర్వాతి రోజు గుప్తేశ్వర్ కోసం జీపు మాట్లాడుకున్నాం. బోయిపరిగూడ మీదుగా యాభై, అరవై కిలోమీటర్ల దారి, చివర అడవి. బోయిపరిగూడలో టీకి ఆగినప్పుడు కిరాణా కొట్లో ఊరికే అడిగాను. గోడ గడియారం సెల్లు ఉన్నాయి, రిమోట్ సెల్లు ఉన్నాయి. నా నల్ల టార్చిలో ఉండే లిథియం సెల్లు పేరు చెబితే కొట్టాయన నవ్వి బీడీ కట్ట చూపించాడు. టార్చి ఎంచుకోవడానికి నాకు ఇప్పుడు ఇంతకంటే మంచి పరీక్ష తోచదు: దారి చివరి కొట్లో దాని సెల్లు దొరకాలి.

రిమోట్ సెల్లు మూడింటిని ప్లాస్టిక్ గూటిలో ఇరికించే టార్చిలు ఉంటాయి, అవి నాకు నచ్చవు. కాలక్రమేణా ఆ గూటి స్ప్రింగులు వదులై, కొట్టితే వెలిగి తిట్టితే ఆరుతాయి. గడియారం సెల్లు ఒక్కటితో నడిచేది మేలు. ఎల్ఈడీ వెలగడానికి దాదాపు 3 వోల్టులు కావాలి, సెల్లు ఇచ్చేది 1.5 కనుక లోపల వోల్టేజి పెంచే చిన్న సర్క్యూట్ ఉండాలి, దానికే డబ్బు పోతుంది. ఇంట్లో మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునే నికెల్ సెల్లు వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది, కారి టార్చిని తినేసే బెడదా తక్కువ. వాటి వోల్టేజి 1.2 అని భయపడకండి, మంచి సర్క్యూట్ ఉంటే తేడా తెలియదు. ఆ పరిమాణంలోనే వచ్చే 14500 లిథియం సెల్లునూ, మామూలు సెల్లునూ రెండింటినీ తీసుకునే టార్చిలు కూడా ఉన్నాయి. సోఫిర్న్ ఎస్‌పీ10 ప్రో అలాంటిదే. ఏ టార్చికి ఏ సెల్లు వేయవచ్చో దానితో వచ్చిన కాగితంలో చూసుకోకుండా లిథియం మాత్రం వేయకండి.

గుప్తేశ్వర్ గురించి చెప్పాలి. మెట్లకు ఇరువైపులా సంపెంగ చెట్లు. సున్నపురాతి గుహలో పెద్ద శివలింగం. పక్కనే కొలాబ్ నది. కిందికి పోయాక ఇదే శబరి అయి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మామయ్య ఆ నీళ్లు తల మీద చల్లుకుని చాలాసేపు మాట్లాడలేదు. గుహలో దీపాలున్నా మూలల్లో చీకటి, నేల జారుడు. అక్కడ చిన్న టార్చే చాలింది. భోజనం మాత్రం జయపురం నుంచి కట్టించుకుని వెళ్లడం మంచిది. గుడి దగ్గర దొరికిన దాన్ని గురించి మౌనం వహిస్తాను.

తిరుగు దారిలో, చీకటి పడే వేళకు, అడవి మధ్య జీపు చక్రం గాలి పోయింది. ఆకులు మడమ దాకా పరచుకుని ఉన్నాయి. డ్రైవరు చక్రం విప్పుతుంటే నేను నల్ల టార్చి పట్టుకున్నాను. నాలుగు నిమిషాలకు చెయ్యి కాలింది, ఆ వెంటనే వెలుగు సగానికి పడిపోయింది. వేడి వల్ల వెలుగు తగ్గించుకోవడం మంచి టార్చి కూడా చేస్తుంది, కానీ ఇది తగ్గి ఊరుకోలేదు, పావుగంటకు పూర్తిగా ఆరిపోయింది. ఈ లోగా ఒక నట్టు జారి ఆకుల్లో పడింది.

మామయ్య టార్చితో వెతికాం. దానిలో బిగించిన ఎల్ఈడీ నీలం ఛాయది. ఆ వెలుగులో ఆకూ, మట్టీ, తుప్పు పట్టిన ఇనుమూ ఒకే బూడిద రంగు. తెల్ల ఎల్ఈడీ అంటే నిజానికి నీలం ఎల్ఈడీ మీద పసుపు పూత. ఆ పూతలో ఎరుపు పాలు తక్కువైతే గోధుమ రంగులు చచ్చిపోతాయి. మేనకోడలి టార్చి కాస్త వెచ్చని ఛాయది. పెట్టె మీద సీఆర్ఐ 90 అని రాసి ఉంది, అంటే రంగుల్ని సూర్యకాంతిలో ఉన్నంత దగ్గరగా చూపిస్తుందని. డ్రైవరు దాన్ని టోపీ అంచుకు క్లిప్పుతో తగిలించుకుని వంగాడు. రెండు నిమిషాల్లో, ఆకు కింద ఎర్రగా తుప్పు కనపడింది. కట్లపాము తిరిగే వేళ అది. కరిస్తే తరచుగా నొప్పి కూడా తెలియదు. ఆకుల మీద పడుకున్న రక్తపింజరయితే ఆకుల్లాగే ఉంటుంది. రంగు తెలిసే వెలుగు పొలానికి వెళ్లేవాళ్లకు విలాసం కాదు.

పెట్టె మీది మాటల్లో దేన్ని నమ్మాలి? ఎఫ్ఎల్ 1 అనే కొలమానం ప్రకారం కొలిచామని చెప్పేవాటిని కొంత నమ్మవచ్చు. అందులోనూ తిరకాసు ఉంది. "100 మీటర్ల దూరం" అంటే అంత దూరంలో 0.25 లక్స్, దాదాపు పౌర్ణమి వెన్నెలంత పడుతుందని మాత్రమే. ఎదుటి మనిషిని పోల్చుకోవాలంటే అందులో మూడో వంతు లెక్క వేసుకోండి. "10 గంటలు" అంటే వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా అని. నీటి విషయంలో ఐపీఎక్స్ 4 అంటే చిలకరింపు వరకే, ఐపీఎక్స్ 7 అంటే మీటరు లోతులో అరగంట. జూమ్ టార్చిల తల ముందుకు వెనక్కు జరుగుతూ గాలి పీల్చి వదులుతుంది కనుక వాటికి వాన పడదు.

ఇంటికి వచ్చాక నల్ల టార్చి విప్పాను. లోపల 18650 అనే రకం లిథియం సెల్లు, దాని మీద 9,900 ఎంఏహెచ్ అని ఉంది. సెల్లులో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత అది. ఆ పరిమాణంలో మంచి సెల్లే 3,500 దగ్గర ఉంటుంది. మాకు తెలిసిన బంగారం కొట్లో తూయించాను. నిజమైన సెల్లు 45 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. ఇది 29 గ్రాములు. తూచినాయన "మజూరీ కలిపామా?" అన్నాడు.

మామయ్య ఇప్పటికీ ఇత్తడి టార్చిని గూట్లో పెట్టుకుంటారు. మేనకోడలి టార్చి మాత్రం ఆయన మొలతాడుకు కట్టి ఉంది. నా తాళంచెవులు విడిగా ఇచ్చారు. ఇంకొకటి తెప్పించుకుంటున్నాను.