బాసినెట్ సీటు: తొమ్మిదిన్నర గంటల ఫ్లైట్‌లో ఎనిమిది నెలల పిల్లతో వాడి చూశాక

"బాసినెట్ దొరికితే చాలు, పిల్ల పడుకుంటుంది, నువ్వు హాయిగా సినిమా చూసుకోవచ్చు" అని అందరూ అంటే నేనూ నమ్మేశా. బాసినెట్ అంటే విమానంలో సీటు ముందున్న గోడకి తగిలించే చిన్న పిల్లల తొట్టి. సినిమా సంగతి దేవుడెరుగు, హీరో ఎంట్రీ కూడా చూడలేదు. అలాగని ఆ సీటు దండగ అని మాత్రం అనను, ఎవరైనా అడిగితే తీసుకోమనే చెప్తా, కాకపోతే వాళ్ళు చెప్పే కారణానికి కాదు.

మేం నలుగురం, నేను, మా ఆయన, నాలుగేళ్ళ పెద్దాడు, ఎనిమిది నెలల చిన్నది. రాత్రి ఫ్లైట్. ఎయిర్‌లైన్ పేరు రాయట్లేదు, ఇందులో సగం కష్టాలు ఎవరి ఫ్లైట్ ఎక్కినా ఉండేవే.

ముందు బుకింగ్ గొడవ. వెబ్‌సైట్‌లో బాసినెట్ అని టిక్ పెట్టేసి అయిపోయిందనుకున్నా, అది ఉత్త రిక్వెస్టేనట, కన్ఫర్మ్ కాదట. మూడుసార్లు ఫోన్ చేస్తే గానీ సీటు నంబర్ పడలేదు. బాసినెట్‌ని ముందు అడ్డగోడకే తగిలించాలి కాబట్టి విమానం మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి, అందుకని టికెట్ కొన్న రోజే అడగండి. తీరా చెక్-ఇన్‌కి వెళ్తే నన్నూ పాపనీ ముందు వేసి, తండ్రీకొడుకుల్ని ఎక్కడో వెనక తోక దగ్గర పడేశారు. "ఇద్దరూ చిన్నపిల్లలండీ, ఒక్కదాన్ని ఎలా చూసుకోను" అని బతిమాలితే పావుగంట కంప్యూటర్ కొట్టి కొట్టి చివరికి పక్కపక్కన ఇచ్చింది ఆ అమ్మాయి, అక్కడికి ఒక గండం గడిచింది.

బరువు లిమిట్ ఎంతో కూడా ముందే కనుక్కోండి, ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కోలా ఉంటుంది. మాకు 11 కిలోలు చెప్పారు, మాది ఎనిమిది కిలోల చిల్లరే కాబట్టి ధీమాగా ఉన్నా. అసలు ఇబ్బంది బరువు కాదు, పొడవు. పడుకోబెడితే తల ఒక చివర, పాదాలు ఇంకో చివర తగిలాయి. నెలల పసికందు అయితే హాయిగా పడుతుంది గానీ, పాకుతూ లేచి కూర్చునే పిల్లకి అది ఇరుకే. మాది పది నిమిషాలకోసారి అంచు పట్టుకుని లేవబోవడం, నేను పట్టుకోవడం, ఇదే పని.

మా వరసలోనే ఇంకో బాబుతో ఒకావిడ కూర్చుంటే ఆవిణ్ణి అవతలి వైపుకి మార్చారు. మొదట కోపమొచ్చింది, నాకూ తోడు ఉండేది కదా అని. తర్వాత అడిగితే చెప్పారు, పక్కపక్కన ఉండే సీట్ల గుంపుకి, అందులో సీట్లు ఎన్ని ఉంటే దానికన్నా ఒక్క ఆక్సిజన్ మాస్కే ఎక్కువ ఉంటుందట, అందుకే ఒళ్ళో పిల్లలు ఇద్దర్ని ఒకే గుంపులో కూర్చోబెట్టరు. కవలలతో వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, అమ్మ ఒకవైపు నాన్న ఒకవైపు కూర్చోవాల్సిందే.

ఇక గాల్లోకి లేచాక. సీట్‌బెల్ట్ లైటు ఆరాక స్టీవర్డ్ వచ్చి గోడకి క్లిప్పులు టకటకా తగిలించి వెళ్ళాడు. అది నా మొహం ఎత్తులో ఉంది, కూర్చుంటే లోపల పాప కనపడదు, లేచి నిలబడి తొంగిచూడాలి. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే దాని కింద నుంచి నడుం వంచి దూరి బయటపడాలి. ఈ వరసలో ట్రే, స్క్రీన్ రెండూ చేతి కింద ఆర్మ్‌రెస్ట్‌లోంచి లాక్కోవాలి కాబట్టి ఆ ఆర్మ్‌రెస్ట్‌లు పైకి లేవవు, పెద్దాడిని నా ఒళ్ళో తల పెట్టించి అడ్డంగా పడుకోబెడదాం అనుకున్న ప్లాన్ అక్కడే పోయింది. ముందు సీటు లేదు కాబట్టి బ్యాగ్ కాళ్ళ దగ్గర పెట్టనివ్వరు, టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ అన్నీ పైనే. సరిగ్గా విమానం కదిలాక చిన్నది కార్యక్రమం కానిచ్చింది, డైపర్లు వైప్స్ అన్నీ నెత్తి మీద బిన్‌లో, లేవడానికి లేదు. ఇరవై నిమిషాలు ఆ వాసనతో, పక్కాయన ఏమీ తెలియనట్టు కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు, పుణ్యాత్ముడు. ఒక డైపర్, ఒక చిన్న వైప్స్ ప్యాకెట్ మీ జాకెట్ జేబులో పెట్టుకోండి, నా మాట వినండి.

నిద్ర సంగతి. జోకొట్టి జోకొట్టి చెయ్యి పడిపోయాక నిద్రపట్టింది, మెల్లగా బాసినెట్‌లో దించా, నలభై నిమిషాలు అవ్వగానే టింగ్. సీట్‌బెల్ట్ లైటు. కుదుపులు ఉంటే పిల్లని బయటికి తీసి ఒళ్ళో పెట్టుకుని, మన బెల్ట్‌కి తగిలించే చిన్న బెల్ట్ వెయ్యాలి, అదీ రూలు. నిద్రలో లేపిన పిల్ల ఊరుకుంటుందా, గుక్కపట్టి ఏడ్చింది. ఇలా నాలుగుసార్లు. మొత్తం కూడితే తొమ్మిదిన్నర గంటల్లో బాసినెట్‌లో పడుకున్నది రెండు గంటలు కూడా ఉండదు. దానికితోడు ఈ వరస పక్కనే టాయిలెట్, తలుపు తీసినప్పుడల్లా లైటు సూటిగా పాప మొహం మీదే.

మరెందుకు తీసుకోమంటున్నా అంటే, ఆ జాగా కోసం. కాళ్ళ ముందు ఖాళీ ఉంది చూడండి, అది బంగారం. పాప ఆ గోడ పట్టుకుని నిలబడి అరగంట ఆడుకుంది, వెనక వరసల్లో అయితే ముందు సీటు వాళ్ళ వీపు మీద తన్నులే. ఇంకా పెద్ద లాభం, పాప పడుకోనప్పుడు బాసినెట్ నాకు ఒక అలమరాలా పనికొచ్చింది, బొమ్మలు, తువ్వాలు, బాటిల్ అన్నీ అందులోనే. మధ్యలో పాపని కూడా కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి ఒక కన్నేసి, రెండు చేతులతో తిన్నా. చంక దిగని పిల్లతో వెళ్ళినవాళ్ళకి ఆ పది నిమిషాల విలువ తెలుస్తుంది.

సీటుతో సంబంధం లేదు గానీ ఇదొకటి చెప్పాలి. పెద్దాడి స్ట్రా కప్పు నేల మీద మూత గట్టిగా బిగించా, పైకెళ్ళాక వాడు స్ట్రా తెరవగానే ఫౌంటెన్ లేచింది, నా మెడ మీద, పక్కాయన స్క్రీన్ మీద. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే ఉంటుంది కదా, కప్పు లోపలేమో నేల మీద గాలి, అది నీళ్ళని తోసేస్తుంది. ముందు మూత కాస్త వదులు చేసి గాలి పోనిచ్చి, తర్వాత ఇవ్వండి.

చెవి నొప్పి కూడా ఈ ఒత్తిడి వల్లే, కాకపోతే ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ. మింగుతుంటే నొప్పి తగ్గుతుందని నేను పాలన్నీ టేకాఫ్‌కే పట్టేశా, తీరా దిగేటప్పుడు పొట్ట నిండిన పిల్ల సీసా నోట్లో పెట్టనివ్వదు. చక్రాలు తగలడానికి ఇంచుమించు అరగంట ముందే విమానం కిందికి దిగడం మొదలవుతుంది, పాలు అప్పటికి దాచండి. పెద్దాడు "అమ్మా, చెవిలో బుడగ ఉంది, తియ్యి" అని ఏడుపు, వాడితో ఆవలింతల పోటీ పెడితే ఆరో ఆవలింతకి "పగిలింది!" అని అరిచాడు.

సేఫ్టీ విషయంలో మాత్రం బాసినెట్‌ని నమ్ముకోకండి, టేకాఫ్‌కీ ల్యాండింగ్‌కీ పిల్ల ఎలాగూ మీ ఒళ్ళోనే. రెండేళ్ళ లోపు ఒళ్ళో ఒప్పుకుంటారంటే అది సేఫ్ అని కాదు. 1989లో అమెరికాలో సూ సిటీ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 విమానం కూలినప్పుడు ఒళ్ళో పిల్లల్ని నేల మీద పెట్టమన్నారు, వాళ్ళలో ఒకరు చనిపోయారు. డబ్బు కుదిరితే వేరే సీటు కొని, విమానానికి పనికొస్తుందని లేబుల్ ఉన్న కార్ సీటు బిగించడమే మేలు. మాకీసారి కుదరలేదు, దాచేదేముంది.

స్టార్లు అంటే ఐదుకి మూడు. ఒకటి నిద్ర రానందుకు తీశా, ఇంకోటి చెక్-ఇన్‌లో ఏడిపించినందుకు. దిగే ముందు స్టీవర్డ్ బాసినెట్ ఊడదీస్తే అడుగున చిన్నదాని సాక్సు, పెద్దాడి కారు బొమ్మ, రెండు గంటలుగా మా ఆయన వెతుకుతున్న ఆయన కళ్ళజోడు దొరికాయి.