జూన్, జూలైల్లో ‘ఎండ, ఏకాంతం’ అంటూ అమ్ముతున్న గోవా ప్యాకేజీ కొనకండి

ఇది ఈ రోజే రాయకపోతే జూలై బృందానికి అడ్వాన్సు కట్టేవాళ్ళు కట్టేస్తారన్న తొందరతో రాస్తున్నాను. తెచ్చిన బట్టలు ఇంకా తీగ మీదే ఉన్నాయి, నా కోపమూ ఆరలేదు. విజయవాడ వాళ్ళకు ఆ ప్యాకేజీ అమ్మిన ట్రావెల్ సంస్థను పరిచయం చేయనక్కరలేదు. వేసవి సెలవులంతా కూడళ్ళలో వేలాడిన ఫ్లెక్సీలు వాళ్ళవే; ‘రద్దీ తగ్గింది, ధర తగ్గింది, ఎండ మాత్రం తగ్గలేదు’ అంటూ ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ప్రకటన కూడా వాళ్ళదే. పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదులో రాశాను.

సంగతి క్లుప్తంగా ఇది. మా అత్తగారిది బాపట్ల దగ్గరి ఊరు. సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం చిన్నప్పటి నుంచీ చూసిన ఆవిడకు, సముద్రంలోకి దిగిపోవడం కూడా ఒక్కసారి చూడాలని కోరిక. అది చూడాలంటే పడమటి తీరానికే పోవాలి. మే నెల జనంలో ఆవిడను తిప్పలేం కనుక, రోహిణి కార్తె వెళ్ళి, జూన్ 12న బడులు తెరిచాక, పిల్లల హడావిడి తగ్గిన చోట నాలుగు రోజులు ప్రశాంతంగా ఎండలో కూర్చుని వద్దామనుకున్నాము. కౌంటర్లో ఉన్న అబ్బాయికి మూడు విషయాలు నోటితో చెప్పడమే కాక వాట్సాప్‌లో రాసి కూడా పంపాను: జనం తక్కువ ఉండాలి, ఎండ ఉండాలి, గది సముద్రానికి ఎదురుగా ఉండాలి. ‘పక్కా అంకుల్, ఆంటీని మా అమ్మలా చూసుకుంటాం’ అని బదులొచ్చింది. మరి ఆ నెలల్లో గోవాలో వానలు కదా బాబూ అని నేను అడగకపోలేదు. ‘అది నార్త్ గోవా అంకుల్, మనం వెళ్ళేది సౌత్, అక్కడ సాయంత్రం పూట ఒక జల్లు పడితే పడుతుంది’ అన్నాడు. అంత ధీమాగా అబద్ధం ఆడగలిగినవాడు కౌంటర్లో కూర్చుని జీవితం వృథా చేసుకుంటున్నాడు, ఎన్నికల్లో నిలబడవలసింది. ముగ్గురికీ కలిపి 62,000 రూపాయలు కట్టాము. జీఎస్టీ బిల్లు అడిగితే తిరిగొచ్చాక ఇస్తామన్నారు. చేతికి ఒక ఓచరు మాత్రం ఇచ్చారు.

నిజానికి ఉత్తర గోవాకూ దక్షిణ గోవాకూ వానలో తేడా చూసే మేఘం ఏదీ లేదు. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి గాలి పడమటి కనుమలకు తగిలి పైకి లేచి, చల్లబడి, ఉన్న నీళ్ళన్నీ కనుమలకు పడమటి వైపే, అంటే గోవా తీరం మీదే కుమ్మరిస్తుంది. మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకే రుతుపవనాలు వారం తిరిగేసరికి గోవాలో ఉంటాయి. ఏడాది మొత్తం మీద హైదరాబాదులో పడేది దాదాపు 800 మిల్లీమీటర్లయితే గోవాలో పడేది 3,000 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అందులో అత్యధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఈ పాఠం నాకు అమరావతి ఎక్స్‌ప్రెస్ కిటికీలోంచి అందింది. గుంతకల్లు దాటినా ఎండే, హుబ్బళ్ళిలో మబ్బు, లోండా దాటి ఘాట్ మొదలయ్యాక పక్క పెట్టె కూడా కనిపించనంత వాన. దూద్‌సాగర్ జలపాతం దగ్గర కుర్రాళ్ళు తలుపుల దగ్గరికి పరుగెత్తి కేకలు వేశారు. మా అత్తగారు మాత్రం ‘అల్లుడుగారూ, మనం ఎండకే కదా వెళ్తున్నాం?’ అని ఒక్క మాట అడిగి శాలువా కప్పుకున్నారు.

మా బస ఉన్న దక్షిణ గోవా తీరం పాలోలెం చేరాక జరిగింది చెబుతాను. ఓచరులో ‘సముద్రానికి ఎదురుగా చెక్క కుటీరం’ అని ఉంది. అక్కడ కుటీరం లేదు. కొబ్బరి చెట్ల మధ్య నేలలో గుంతలు, వాటి నిండా ఎర్రటి నీళ్ళు, పక్కనే విప్పేసిన ప్లైవుడ్ పలకలు, వెదుళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి నీలం టార్పాలిన్ కప్పి తాళ్ళతో కట్టేసి ఉన్నాయి. ఆ తీరంలోని కుటీరాలూ, ఇసుక మీది షాకులూ (తిండి అమ్మే పాకలు) సీజన్ కోసం కట్టేవి. మే నెలాఖరుకల్లా విప్పేసి, వానలు వెనక్కి తగ్గాక మళ్ళీ కడతారు. అక్కడ టీ కొట్టు వాడికి కూడా తెలిసిన ఈ సంగతి, అవే గదులను బుక్ చేసే సంస్థకు తెలియదంటే నేను నమ్మను. కాపలాదారు ఓచరును గొడుగు కింద పట్టుకుని రెండు వైపులా తిప్పి చూసి, ‘అక్టోబర్ మే ఆనా చాహియే థా, సాబ్’ (అక్టోబరులో రావలసింది సార్) అని జాలిపడ్డాడు. చివరికి ఊరి లోపల సందులో, రేకుల కప్పు కింద, దుప్పటి ముట్టుకుంటే చెమ్మ తగిలే గది ఒకటి ఇప్పించారు. దాని కిటికీ తెరిస్తే ఎదురుగా జనరేటరు షెడ్డు.

సముద్రం దగ్గరికి వెళ్తే ఎర్ర జెండాలు పాతి ఉన్నాయి. వర్షాకాలమంతా గోవాలో నీళ్ళలోకి దిగవద్దని లైఫ్‌గార్డులు హెచ్చరిస్తారు, ఆ అలలు చూస్తే దిగాలని కూడా అనిపించదు. ప్యాకేజీలో రాసిన పడవ షికారు లేదు, దూద్‌సాగర్ జీపు ప్రయాణం వానలకు మూసేశారు. ‘తాజా సముద్రపు చేపల విందు’ అన్నది మరీ విడ్డూరం, ఎందుకంటే పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా మరబోట్ల వేటకే నిషేధం. మా ముందు పెట్టింది ఐసు పెట్టెలోని చేప.

అప్పుడు ఫోన్ చేశాను. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ ఫోనే. డబ్బు పోయినందుకు ఇంత బాధ లేదు. గుమ్మంలో నిలబడి, రేకుల మీద వాన హోరులో గొంతు పెంచి, కుటీరం లేదు, ఎండ లేదు, అంతా మూసి ఉంది, ఇదేమిటి బాబూ అని అడిగాను. కట్టేదాకా అంకుల్‌ని, ఆ రోజు ఒక్కసారిగా సార్‌ని అయిపోయాను. ‘సార్, మీరు జనం లేని చోటు అడిగారు. అక్కడ ఒక్కరైనా ఉన్నారా, మీరే చెప్పండి’ అన్నాడు. నాకు వెంటనే మాట రాలేదు. వెనకాల ఆఫీసులో ఎవరో నవ్వారు, అది స్పష్టంగా వినిపించింది. ‘మరి ఎండ?’ అన్నాను. ‘ఎండ మా చేతుల్లో ఉంటుందా సార్? అంత ఎండే కావాలంటే బెజవాడలోనే ఉండాల్సింది’ అన్నాడు. ఇక్కడికి ఆ నవ్వు రెండు గొంతులైంది. పెద్దావిడతో వచ్చానయ్యా అని నేను ఏదో చెప్పబోతుంటే, ‘కండిషన్స్ వెనక పేజీలో ఉన్నాయి, చదువుకోండి’ అని పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా బిజీ అనే వచ్చింది. మా ఆవిడ ఫోన్ నుంచి చేస్తే రింగయింది, నా గొంతు వినగానే తెగిపోయింది. అమ్మలా చూసుకుంటానన్న మనిషి, అమ్మ మందులు వేసుకోవడానికి వేడి నీళ్ళయినా దొరికాయా అని అడగలేదు.

చదువుకోమన్నాడు కనుక చదివాను. ‘ప్రకృతి వైపరీత్యాల వల్ల కలిగే అసౌకర్యానికి సంస్థ బాధ్యత వహించదు’ అని ఉంది. తుపానో భూకంపమో అయితే ఆ మాట ఒప్పుకోవచ్చు. ఏటా దాదాపు తేదీ చెప్పి మరీ వచ్చే వానను, దాని కోసం ఊరు ఊరంతా ముందే గుడిసెలు విప్పుకుని తయారయ్యే వానను వైపరీత్యమంటే, సంక్రాంతికి బస్సులు నిండటం కూడా వైపరీత్యమే అనాలి. కరెంటు లేని ఆ సాయంత్రం, చేయడానికి ఏమీ లేక, వాళ్ళ ప్రకటన బొమ్మను ఫోనులో పెద్దది చేసి చూశాను. నీలం సముద్రం, పసుపు ఎండ, చక్కటి కుటీరం, కింద ‘జూన్–జూలై ప్రత్యేకం’ అన్న అక్షరాలు, కుటీరం చూరుకు వేలాడుతున్న ఎర్ర కాగితం నక్షత్రం. క్రిస్మస్ నక్షత్రం. డిసెంబరులో తీసిన ఫొటోను జూన్ పేరుతో అమ్మారు. డబ్బు కట్టేముందు ఆ బొమ్మను మా ఇంట్లో అందరం చూశాము, మా అత్తగారు ‘ఎంత బాగుందో’ అన్నారు కూడా. నక్షత్రం ఎవరి కంటా పడలేదు. ముప్పై ఏళ్ళు ఆడిట్ కాగితాల్లో తప్పులు పట్టినవాణ్ణి, నా కళ్ళజోడుకు ఒక నమస్కారం.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. వానలో గోవా అందంగానే ఉంటుంది. పొలాలూ, పాత ఇళ్ళ పెంకులూ, కొండలూ కడిగినట్టున్నాయి. వాన చూడ్డానికే వెళ్ళే వాళ్ళున్నారు, వాళ్ళకు అది నిజంగా మంచి కాలం. ఊరి మీద నాకు కోపం లేదు. వాన ప్యాకేజీని వాన ప్యాకేజీ అని అమ్మకుండా, ఎండ అని అమ్మడం మీదే నా అభ్యంతరమంతా.

తిరిగొచ్చాక ఆఫీసుకు వెళ్తే మేనేజరుగారు కాఫీ ఇచ్చి, ‘మీ అసంతృప్తికి చింతిస్తున్నాం’ అంటూ తర్వాతి ప్రయాణంలో పది శాతం తగ్గింపు కూపను చేతిలో పెట్టారు. దాని గడువు సెప్టెంబరు 30. అంటే మళ్ళీ వానల్లోనే వెళ్ళి రమ్మని. కూపను అక్కడే బల్ల మీద వదిలి, 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే రుసుము కూడా లేదు, రెండేళ్ళ గడువుంది. తప్పుదోవ పట్టించే ప్రకటన అనడానికి ఆ కాగితం నక్షత్రం కంటే సాక్ష్యం ఏం కావాలి?

జూలైలో ఎక్కడికి వెళ్ళాలని అడిగేవాళ్ళకు, నాకు తెలిసినంతలో: ఆ నెలల్లో ఎండా సముద్రమూ రెండూ కావాలంటే కనుమలకు తూర్పు పక్కన, తమిళనాడు తీరంలో చూసుకోండి. అక్కడ ఏడాది వానలో దాదాపు సగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది కనుక జూలైలో పుదుచ్చేరి, తరంగంబాడి, రామేశ్వరం వైపు ఎండే ఎక్కువ. వేడి, గాలి మాత్రం భరించాలి. లడఖ్ కూడా వాననీడ ప్రాంతమే (కొండలు మబ్బులను ఆపేయడంతో వాన తక్కువ పడే చోటు) కానీ లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది, పెద్దవాళ్ళను డాక్టరును అడగకుండా తీసుకెళ్ళకండి. సముద్రంలో సూర్యాస్తమయమే కావాలంటే అక్టోబరు దాటేదాకా ఆగి గోవా వెళ్ళండి. కట్టే ముందు ఓచరులో ఉన్న బసకు మీరే నేరుగా ఫోన్ చేసి, ఆ తేదీల్లో తెరిచి ఉంటారా అని అడగండి.

జూలై బృందానికి ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్ళు బయలుదేరకముందే రద్దు కోరుతూ వాళ్ళకు ఈమెయిల్ పంపండి, ఫోనులో మాత్రం మాట్లాడకండి. నాలాగే వెళ్ళి తడిసి వచ్చినవాళ్ళు ఓచరు, ప్రకటన బొమ్మ, చెల్లింపు స్క్రీన్‌షాట్లు దాచిపెట్టి కింద ఒక మాట రాయండి. ఒకే రకం నష్టం జరిగినవాళ్ళు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చు.