ఓక్ అల్లీ: చెట్లతో పాటు గుడిసెలూ చూడండి

ఓక్ అల్లీ అమెరికాలోని లూసియానాలో ఒకప్పటి చెరకు తోట బంగళా. న్యూ ఆర్లీన్స్ నుంచి కారులో గంట ప్రయాణం. మిస్సిసిపీ నది గట్టు వైపు రెండు వరుసల్లో 28 ఓక్ చెట్లు, వాటి చివర 28 స్తంభాల భవనం. ఫోటోలు దిగి, గంటలో తిరిగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. అంత దూరం వచ్చి అలా వెళ్లిపోవద్దనే నా మాట.

చెరకు తోటల యజమాని జాక్ రోమన్ 1837–39 మధ్య కట్టించిన ఇల్లిది. కట్టింది మాత్రం బానిసలు. ఆయన 1848లో క్షయతో పోయాడు. తర్వాత అప్పులు, అమెరికా అంతర్యుద్ధం. 1866లో వేలంలో 32,800 డాలర్లకు అమ్ముడైంది. ఎన్నో చేతులు మారి శిథిలమవుతుంటే, 1925లో స్టీవర్ట్ దంపతులు కొని బాగుచేయించారు.

గైడ్ ఇంట్లో చెప్పేది బాగానే ఉంటుంది. కానీ నన్ను నిలబెట్టేసింది పెరటివైపు పాతవాటిలాగే మళ్లీ కట్టిన బానిసల గుడిసెలు, గోడ మీద వాళ్ల పేర్లు. వాళ్లలో ఆంటోయిన్ అనే తోటమాలి ఉన్నాడు. పీకన్ అనే గింజకాయల చెట్లకు అంట్లు కట్టి, పలుచని పెంకున్న కాయలు కాయించాడు. ఆ రకానికే 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. రోమన్ పోయాక రాసిన ఆస్తుల జాబితాలో మాత్రం అతని పేరు పక్కన వెయ్యి డాలర్ల ధర ఉంది. మామిడి అంట్లు కట్టడం తెలిసిన మా నాన్నగారు ఆ గుడిసెల దగ్గరి నుంచి ఓ పట్టాన కదల్లేదు.

ఆవరణలోనే కాటేజీలున్నాయి. ఖర్చయినా ఒక రాత్రి ఉండొచ్చు, పగటి జనం వెళ్లిపోయాక చెట్ల కింద తీరిగ్గా నడవచ్చు. భవనంలో మెట్లెక్కాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ముందే ఆలోచించుకోండి. గంబో అనే ఈ ప్రాంతపు పులుసులో మాంసమో రొయ్యలో ఉంటాయి కాబట్టి శాకాహారులు ఏదైనా వెంట తెచ్చుకోవడం మేలు.

దగ్గర్లోనే విట్నీ అనే మరో పాత తోట ఉంది. 2014లో దాన్ని మ్యూజియంగా తెరిచారు. అక్కడ కథంతా బానిసల వైపు నుంచే నడుస్తుంది. రెండింట్లో ఒక్కటే చూడగలిగితే నేను విట్నీకే వెళ్లమంటాను. రెండూ చూసే వీలుంటే ఉదయం ఎండ ముదరకముందే విట్నీ, మధ్యాహ్నం నుంచి ఓక్ అల్లీ పెట్టుకోండి.